పాడ్‌కాస్టు సంపాదకునికి తగిన పరికరమేది?

మాటను రికార్డు చేసి లోకమునకు వినిపింపదలచినవాడు నేడు స్టూడియో అద్దెకొరకు గాని, ప్రసార కేంద్రమువారి పిలుపుకొరకు గాని ఎదురుచూడవలసిన అగత్యము లేదు. ఒక మైకును, ఒక కంప్యూటరును, తలుపులు మూసికొనదగిన ఒక గదిని సమకూర్చుకొనగలిగినచో పాడ్‌కాస్టు ఇంటనుండియే ఆరంభింపవచ్చును. కిరణ్ ప్రభగారు తెలుగు ప్రముఖులను గూర్చి చేయు ప్రసంగములును, తెలుగు కథలకు గొంతునిచ్చిన హర్షణీయమును అంతర్జాలము ద్వారానే దేశదేశములలోని తెలుగు శ్రోతలను చేరుచున్నవి. అయితే ఈ పనికి పూనుకొనిన ప్రతివానికిని మొదటి రికార్డింగు ముగిసిన మరుక్షణమే ఒక ప్రశ్న ఎదురగును: దీనిని దిద్దుటకు ఏ సాఫ్ట్‌వేర్ తీసికొనవలెను? ఈ ప్రశ్నకు సమాధానముగా పది పేర్లు వినబడును; ఆ పదింటికిని పొగడ్తలే వినబడును గాని, ఏ పనికి ఏది తగునో విడమరచి చెప్పినవారు అరుదు.

ఈ గందరగోళమునకు మూలము, రెండు భిన్నములైన పనులను ఒక్కటిగా భావించుటయే. ఎడిటింగు వేరు, మాస్టరింగు వేరు. ఏ మాటను ఉంచవలెను, దేనిని తీసివేయవలెను, ఏ ఊపిరిని ఎంతసేపు నిలువనీయవలెను అను వివేచన ఎడిటింగు. అట్లు కుదిరిన ప్రసంగమును సమమైన ధ్వనిస్థాయికి తెచ్చి, ఫోనులో విన్నను, కారులో విన్నను ఒక్కతీరుగా వినబడునట్లు తుదిమెరుగు పెట్టుట మాస్టరింగు. విక్రేతల ప్రకటనలన్నియు రెండవదానినే కీర్తించును. ఒక్క మీట నొక్కినంతనే గొంతు గంభీరమగునని ఊరించును. కాని సంభాషణాత్మకమైన పాడ్‌కాస్టులో శ్రమయంతయు మొదటిదానియందే ఉన్నది. గంట సంభాషణను కూర్చుటకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. దానికి మాస్టరింగు అరగంట పని. కావున పరికరమును ఎడిటింగు సౌకర్యమును బట్టియే ఎన్నుకొనవలెనని, మాస్టరింగునకు ధ్వనిస్థాయిని సరిగా కొలువగల ఏ సాధనమైనను చాలునని నా దృఢాభిప్రాయము. ఈ వ్యాసమున ఆయా సాఫ్ట్‌వేర్‌లను ఆ దృష్టితోనే పరిశీలించుచున్నాను.

రేడియో కేంద్రములలో టేపు రాజ్యమేలిన కాలమున సంపాదకుడు రీలును చేతితో ముందునకు వెనుకకు త్రిప్పుచు, మాట మొదలగు చోటును చెవితో పట్టి, పెన్సిలుతో గుర్తుపెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికెడివాడు. సెకనుకు ఏడున్నర అంగుళముల వేగమున తిరుగు టేపుపై అరసెకను ఊపిరి దాదాపు నాలుగంగుళముల పొడవుండును. దానిని కోసినచో కోసినట్లే. నేటి సాఫ్ట్‌వేర్ యొక్క ప్రథమ గుణము ఈ భయమును తొలగించుటయే. మంచి పరికరము మూలమైన రికార్డింగును ముట్టుకొనదు. ఎచ్చట కోసితివో, ఎచ్చట కలిపితివో ఆ నిర్ణయములను మాత్రమే వేరుగా వ్రాసికొని, వినిపించునపుడు వాని ప్రకారము వినిపించును. వారము తరువాత "ఆ వాక్యము ఉండవలసినది" అని తోచినచో, తునక అంచును మౌసుతో పట్టి లాగినంతనే పోయిన మాట తిరిగి వచ్చును. ఈ సౌలభ్యము లేని సాఫ్ట్‌వేర్ ఎంత చౌకయైనను, దీర్ఘమైన సంభాషణలకు పనికిరాదు.

ఇచట తెలుగు చెవికి సంబంధించిన విషయము కొంత ఉన్నది. మన మాటలు అజంతములు. వాక్యాంతమున వచ్చు "చెప్పాడు", "వెళ్ళింది" వంటి క్రియల చివరి హ్రస్వాచ్చు మెల్లమెల్లగా సన్నగిల్లి నిశ్శబ్దములో కలిసిపోవును. చప్పుడు తగ్గగనే తలుపు మూయు నాయిస్ గేటు అను సాధనమును కఠినముగా అమర్చినచో, ఆ తుది అచ్చును మింగివేసి, వక్త ప్రతి వాక్యమును కొరికి వదలినట్లు వినిపించును. ద్విత్వాక్షరముల గతియు ఇట్టిదే. "అక్క", "పట్టు", "అప్పు" అనునపుడు హల్లు విడివడుటకు ముందు సెకనులో పదియవ వంతు మేరకు నోటిలో గాలిదారి పూర్తిగా మూతపడి, శబ్దమే ఉండదు. తొందరపాటు గేటు దానిని మాటల నడిమి ఎడమని భ్రమించి మూసికొని, హల్లు పేలునపుడు ఆలస్యముగా తెరచుకొనును. అప్పుడు "పట్టు" లోని పట్టు సడలిపోవును. ఇంగ్లీషు ప్రసంగములకై అమర్చిన ప్రీసెట్‌లను తెలుగు గొంతుపై అట్లే ప్రయోగింపరాదనుటకు ఇదియే కారణము. గేటు మూసికొనుటకు ముందు ఆగు కాలమును పెంచి, మూసికొనినపుడును ధ్వనిని పూర్తిగా అణచక కొన్ని డెసిబెల్‌లు మాత్రమే తగ్గించునట్లు చేసినచో ఈ దోషము చాలవరకు పోవును.

కోతపని ఎంత సూక్ష్మమో ఒక్క వాక్యముతో చూపవచ్చును. ఒక వృద్ధుడు తన బాల్యమును చెప్పుచు, "అప్పుడు మా నాన్న... మా నాన్నగారు నన్ను బడిలో వేశారు" అనెననుకొందము. మొదటి "మా నాన్న"ను తీసివేయవలెను. మొదటి మకారము మొదలుకొని రెండవ మకారము వరకు కోసినచో, అక్షరములు చక్కగా అతుకును గాని, వినుటకు బాగుండదు. ఏలయన, రెండవ మారు ఆయన ఊపిరి తీసికొని, స్వరము కొంచెము హెచ్చించి మొదలుపెట్టినాడు. ఆ ఊపిరి పోయి, హెచ్చిన స్వరము మిగిలినందున, వాక్యము నడుమ ఉలికిపాటు కలుగును. కావున కోత రెండవ "మా" ముందర కాక, దానికి ముందున్న ఊపిరికి ముందర పెట్టవలెను. "అప్పుడు", ఒక చిన్న శ్వాస, "మా నాన్నగారు" అని వచ్చునపుడు శ్రోతకు అది జ్ఞాపకము తెచ్చుకొనుటకై వక్త తానే ఆగినట్లు తోచును. ఆ అతుకుపై, ఒక తునకను సన్నగిల్లజేయుచు రెండవదానిని హెచ్చించు క్రాస్‌ఫేడ్‌ను సెకనులో నూరవ వంతు మాత్రము పెట్టినచో టక్కుమను చప్పుడు కూడ ఉండదు. ఈ పని గంటలో వందమార్లు చేయవలసియుండును. ఒక్కొక్క కోతకు మూడు మీటలు నొక్కించు సాఫ్ట్‌వేర్‌కును, ఒక్క మీటతో కోసి, వెనుకనున్న భాగమునంతను తానే దగ్గరకు జరుపు సాఫ్ట్‌వేర్‌కును గల తారతమ్యము మన జీవితములోని గంటలతో కొలువదగినది.

ఇక పేర్లకు వత్తము. అందరి నోటను మొదట వచ్చునది ఆడాసిటీ. డొమినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ అనువారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1999లో ఆరంభించి, 2000లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితము. దాని మూలసంకేతమును ఎవరైనను చూడవచ్చును, మార్చవచ్చును. విండోస్, మాక్, లినక్స్ మూడింటియందును పనిచేయును. పాత కంప్యూటరు పైనను నడచును. ధనము లేని విద్యార్థికి, గ్రామమునందలి ఉపాధ్యాయునికి ధ్వనిశాస్త్రపు తలుపు తెరచిన ఘనత దీనిది. ఆ ఋణమును మరచి దీని లోపములనే ఎన్నుట న్యాయము కాదు. లోపములు మాత్రము కలవు. చిరకాలము ఇందులోని మార్పులన్నియు మూలధ్వనిపైననే జరిగెడివి. ఒకమారు ఎఫెక్టు వేసి భద్రపరచి మూసినచో, తిరిగి వెనుకకు పోవు దారి లేదు. 2021 చివర వచ్చిన 3.1తో తునకల అంచులను నష్టము లేక తగ్గించి పెంచుకొను వెసులుబాటును, 2022లో వచ్చిన 3.2తో వినుచుండగనే మార్చుకొనదగు ఎఫెక్టులును సమకూరినవి. అందుచేత, పదేండ్ల క్రిందటి ఆడాసిటీని చూచి నేటిదానిని తూలనాడరాదు. 2021లోనే ఇది మ్యూజ్ గ్రూప్ అను సంస్థ యాజమాన్యములోనికి పోయినపుడు, వాడుకరుల సమాచారమును సేకరింతురేమోయని పెద్ద దుమారము చెలరేగెను. సంస్థవారు కొన్ని ప్రతిపాదనలను ఉపసంహరించి, గోప్యతా నిబంధనలను తిరిగి వ్రాయవలసి వచ్చెను. ఒక్క గొంతుతో సాగు ప్రసంగములకు, కథాపఠనములకు ఆడాసిటీ నేటికిని నిస్సంకోచముగా చెప్పదగిన పరికరము. ముగ్గురు నలుగురు పాల్గొను చర్చలలో, వేర్వేరు ట్రాకులను ఒక్కమారుగా కోసి జరుపవలసినపుడు మాత్రము దానితో పని మందగించును.

బహుకంఠ సంభాషణలకు నా ఓటు రీపర్‌కే. విన్‌యాంప్ సృష్టికర్తగా ప్రసిద్ధుడైన జస్టిన్ ఫ్రాంకెల్ తన కాకోస్ సంస్థ ద్వారా దీనిని రూపొందించినాడు. 60 దినములు ఏ కొరతయు లేకుండ వాడి చూడవచ్చును. అటుపిమ్మట స్వంతమునకు వాడు వ్యక్తులకును, ఏటికి 20,000 డాలర్లకు మించని రాబడి గల చిన్న సంస్థలకును 60 డాలర్లు, అంతకు మించిన రాబడి గల వాణిజ్య సంస్థలకు 225 డాలర్లు. ఒక్కమారు చెల్లించినచో చాలును, నెలనెలా కట్టుట లేదు. ఇందులోని రిపుల్ ఎడిటింగును అన్ని ట్రాకులకు అమర్చినచో, ఒకరి మాటలో కోత పెట్టగనే తక్కినవారి ట్రాకులును అంతే జరిగి, ప్రశ్నకు సమాధానము తప్పిపోకుండును. మీటలను మన ఇష్టము వచ్చినట్లు మార్చుకొనవచ్చును. ఎడమచేతి క్రిందికి కోతను, తొలగింపును, వెనుకకు వినుటను తెచ్చుకొనినవాడు కుడిచేతితో మౌసును కదపకయే గంట సంభాషణను కూర్చగలడు. తుది ఫైలును తీయునపుడే కావలసిన ధ్వనిస్థాయిని నిర్దేశింపవచ్చును. దీని కష్టమంతయు ఆరంభముననే ఉన్నది: మొదట తెరచినపుడు సంగీతకారులకై కట్టిన మహాసౌధములో నిలిచినట్లుండి, ఎచ్చట మొదలుపెట్టవలెనో తెలియదు. రెండు వారములు ఓర్చుకొనినవానికి ఆ బెదురు పోవును.

హైదరాబాదులో ఒకరు, డాలసులో ఒకరు కూర్చుండి మాటలాడుట తెలుగు పాడ్‌కాస్టులలో నేడు పరిపాటి. అట్టి సందర్భమున ఎవరి గొంతును వారి కంప్యూటరులోనే రికార్డు చేసికొని, తరువాత రెండు ఫైలులను ఒకచోట చేర్చుట ఉత్తమపద్ధతి. అంతర్జాలపు తెగుదలలు అందులోనికి రావు. కాని రెండు యంత్రముల గడియారములు ఎన్నడును సరిగా ఒక్కవేగమున నడువవు. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నను, గంట గడచునప్పటికి 72 మిల్లీసెకనుల ఎడము ఏర్పడును. తేడా అంతకు మూడు రెట్లున్నచో, గంట చివర ఒకరి నవ్వు రెండవవారి హాస్యమునకంటె ముందే వినబడజొచ్చును. రీపర్‌లో తునక అంచును ఒక మీట పట్టుకొని లాగినచో, స్వరము మారకుండ నిడివి మాత్రము సరిపడును.

అడోబీ ఆడిషన్ ప్రాచీనవంశమునకు చెందినది. సింట్రిలియమ్ అను సంస్థవారి కూల్ ఎడిట్‌ను 2003లో అడోబీ కొని, ఈ పేరు పెట్టెను. ధ్వనిని చిత్రముగా మార్చి చూపు స్పెక్ట్రల్ దృశ్యము ఇందులో బహుసుందరము. వాక్యము నడుమ మ్రోగిన ఆటో హారను తెరపై ప్రకాశవంతమైన అడ్డగీతలుగా కనబడును. ఆ గీతలను మాత్రము కుంచెతో చెరిపివేసి, వాని క్రింద పైన ఉన్న మాటను నిలుపుకొనవచ్చును. దీని అడ్డంకి చందా. కట్టుట మానినచో పరికరము మూతపడును. వీడియో పనికై అడోబీ చందా ఎట్లును కట్టుచున్నవారికి ఇది లాభము, పాడ్‌కాస్టు కొరకే కట్టుట భారము. మాక్ కొనినవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితముగా లభించును, ఆరంభమునకు చాలును. ప్రో టూల్స్ సంగీత, చలనచిత్ర స్టూడియోలది. మాటకు అంత సరంజామా అక్కరలేదు.

డెన్మార్కు నుండి వచ్చిన హిండెన్‌బర్గ్ మాత్రము ప్రత్యేకముగా పేర్కొనదగినది. 1937లో హిండెన్‌బర్గ్ అను ఆకాశనౌక దగ్ధమైనపుడు హెర్బర్ట్ మారిసన్ చేసిన రేడియో వార్తాకథనమును తలచుకొని దానికి ఆ పేరు పెట్టినారు. ఇది సంగీతకారులను తలపెట్టి కట్టినది కాదు. రేడియో విలేఖరులకై పుట్టినది. ఫైలును లోనికి తెచ్చినంతనే గొంతుల హెచ్చుతగ్గులను తానే సమము చేయును. పదిమంది ఇంటర్వ్యూల నుండి మేలైన మాటలను ఏరి, వేరొక పలకపై గుంపులుగా పేర్చుకొని, అందుండి కథనమును అల్లుకొనవచ్చును. ఊరూరు తిరిగి గొంతులను సేకరించి డాక్యుమెంటరీ చేయదలచినవారికి దీనికి సాటి వేరొకటి నాకు తోచుట లేదు. ఇద్దరు కూర్చుండి మాటలాడు కార్యక్రమమునకు మాత్రము ఈ ప్రత్యేకతలు అంతగా అక్కరకు రావు.

ఇటీవలి ఆకర్షణ డెస్క్రిప్ట్. మాటలను అక్షరములుగా మార్చి తెరపై చూపి, అక్షరములను చెరిపినచో ధ్వనియు చెరగునట్లు చేసిన కల్పన మెచ్చదగినదే. కాని ఈ పద్ధతి యొక్క బలము, యంత్రము మన మాటను ఎంత శుద్ధముగా వ్రాయగలదను దానిపై ఆధారపడియున్నది. చిత్తూరు యాసను, శ్రీకాకుళపు పలుకుబడిని, తెలంగాణ మాటతీరును, నడుమ నడుమ దొరలు ఇంగ్లీషును ఒక్కమారుగా గుర్తింపవలెను. వీనికి తోడు మన సంధులు: "ఎప్పుడొస్తానన్నాడో" అనుదానిలో ఏ మాట ఎచ్చట ముగిసెనో అక్షరములపై చూపవచ్చునేమో గాని, ధ్వనిలో అట్టి సరిహద్దు లేదు. ఇంగ్లీషు ఊతపదములను ఏరి తొలగించు మీట, మన "అంటే"నో "మరి"నో "ఏంటంటే"నో గుర్తింపదు. గుర్తించినను తొలగింపదగినది ఏదో, వక్త స్వభావమును చూపునది ఏదో దానికి తెలియదు. చందా కట్టుటకు ముందు మన స్వంత సంభాషణ పది నిమిషములను అందులో వేసి, వచ్చిన వ్రాతను చదివి చూచుకొనవలెను. ఆ సంస్థ 2019లో లైర్‌బర్డ్‌ను కొని చేర్చుకొనిన గొంతు అనుకరణ విద్యను గూర్చియు ఒక్క మాట: వక్త పలుకని మాటను ఆయన గొంతుతో పలికించుట, అది ఎంత చిన్న సవరణయైనను, ఆయన స్పష్టమైన అనుమతి లేక చేయరానిది.

శబ్దశుద్ధి విషయమున మనకు ప్రధానశత్రువు సీలింగు ఫ్యాను. దాని హోరు అన్ని స్వరములలోను వ్యాపించియుండును. దానిపై మన కరెంటు యొక్క 50 హెర్ట్‌జ్ జుమ్మనుట, అందుండి పుట్టిన 100, 150 హెర్ట్‌జ్‌ల నాదములు చేరును. అమెరికాలో కరెంటు 60 హెర్ట్‌జ్. అచటివారి ప్రీసెట్‌ను మార్చక వాడినచో మన హమ్ అట్లే నిలిచియుండును. ఐజోటోప్ వారి ఆర్ఎక్స్ వంటి సాధనములు నోటి చప్పుళ్ళను, ప్రతిధ్వనిని, పకార బకారముల గాలితాకిడిని వేర్వేరుగా తగ్గింపగలవు. అవి వెలగలవి, శక్తిమంతములైనవి. అయితే శుద్ధికి ఒక హద్దు ఉండవలెను. వెండిపాత్రను తోమి తోమి దానిపై చెక్కడమునే అరగదీసినట్లు, హోరును పూర్తిగా మాపబోయినచో గొంతులోని జీవమే పోయి, నీటి అడుగునుండి మాటలాడినట్లు వినబడును. హోరును ఆరు డెసిబెల్‌లు తగ్గించి ఆగుట, పన్నెండు తగ్గించి గొంతును పాడుచేయుటకంటె మేలు. ఫ్యాను ఆపి రికార్డు చేయుట అన్నింటికంటె మేలు. అడోబీవారి ఎన్‌హాన్స్ స్పీచ్ వంటి కృత్రిమమేధా సాధనములు పాడైన రికార్డింగును ఆశ్చర్యకరముగా కాపాడును. అవి గొంతును క్రొత్తగా తీర్చును గనుక, వాని ఫలితమును మూలముతో ప్రక్కప్రక్కన పెట్టి, ముఖ్యముగా వత్తులను, వాక్యాంతములను విని తీరవలెను.

మాస్టరింగునకు మూలము 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము ప్రకటించిన బీఎస్ 1770 అను కొలమానము. విద్యుత్‌సంకేతపు శిఖరములను కాక, మనుష్యుని చెవికి తోచు బిగ్గరతనమును కొలుచుట దీని విశేషము. చెవికి తక్కువగా ఆను మంద్రస్వరములను తగ్గించి, తారస్వరములను కొంత హెచ్చించి లెక్కించును. ఆ కొలతకు ప్రమాణము లఫ్స్. ఐరోపా ప్రసార సంఘము 2010లో ప్రసారములకు మైనస్ 23ను నిర్ణయించెను. పాడ్‌కాస్టులకు యాపిల్ మైనస్ 16ను, ఒకటి అటునిటుగా, కోరుచున్నది. శిఖరములు మైనస్ 1 డెసిబెల్‌ను మించరాదు. స్పాటిఫై మైనస్ 14ను చెప్పును. మాటకు మైనస్ 16 సుఖకరము. రెండు సంఖ్యలకై రెండు ఫైలులు చేయనక్కరలేదు.

దీని గణితము ఎట్లుండునో చూతము. కూర్పు ముగిసిన సంభాషణ మైనస్ 21.4గా కొలతకు వచ్చినదనుకొందము. శిఖరము మైనస్ 3. గమ్యము చేరుటకు 5.4 డెసిబెల్‌లు పెంచవలెను. అప్పుడు శిఖరము ప్లస్ 2.4కు పోయి ధ్వని చిట్లును. మైనస్ 1 వద్ద నిలుపుటకు లిమిటర్ ఆ శిఖరమును 3.4 డెసిబెల్‌లు అణచవలెను. మాటలో నవ్వులు, చప్పట్లు మాత్రమే అంత ఎత్తుకు పోవును గనుక ఈ అణచివేత వినబడదు. అదే పది డెసిబెల్‌లు అణచవలసి వచ్చినచో, లిమిటర్‌పై భారము పెట్టక, ముందుగా ధ్వని హెచ్చుతగ్గులను దగ్గరచేయు కంప్రెసర్‌తో మృదువుగా తగ్గించుకొని రావలెను. ఆడాసిటీలోని లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మొదట కనబడు సంఖ్య మైనస్ 23. దానిని మార్చక సరేనన్నవారి పాడ్‌కాస్టు, తక్కినవానికంటె ఏడు డెసిబెల్‌లు చిన్నగా వినబడును. ఒక్క చానలు ఫైలు రెండు స్పీకర్లలో మ్రోగునపుడు కొలత మూడు పెరుగును గనుక, మోనోలో మైనస్ 19 అనునది స్టీరియోలో మైనస్ 16తో సమానము. ఆడాసిటీలో మోనోను రెండు చానళ్ళుగా లెక్కింపుమను గడిని ఎంచుకొనినచో ఈ తికమక తీరును. ఈ లెక్కలేవియు వలదనుకొనువారికి ఆస్ట్రియావారి ఆఫోనిక్ కలదు. నెలకు రెండు గంటల ధ్వనిని ఉచితముగా సమము చేసి, కోరిన స్థాయికి తెచ్చి ఇచ్చును. నెలకు నాలుగు అరగంట కార్యక్రమములు చేయువారికి అది సరిగా సరిపోవును. ఆడాసిటీలో కూర్చి, ఆఫోనిక్‌తో ముగించు ఈ జోడికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఒక్క గొంతుతో ఆరంభించువారికి నేను చెప్పునది ఇదియే.

పరికరము ఏదైనను, దాని ప్రాజెక్టు ఫైలును శాశ్వతమని నమ్మరాదు. 2021లో ఆడాసిటీ తన ప్రాజెక్టు రూపమునే మార్చెను. క్రొత్త రూపములోని ఫైలును పాత ఆడాసిటీ తెరువలేదు. చందా ముగిసిన పరికరముల గతి చెప్పనేల. కావున ఒక్కొక్కరి గొంతును ఏ ఎఫెక్టును లేక వేర్వేరు వేవ్ ఫైలులుగా, కూర్పు ముగిసిన రూపమును మాస్టరింగునకు ముందు మరియొక వేవ్ ఫైలుగా, ప్రసారము చేసిన ఎంపీ3ను దానితోపాటు, రెండు వేరు డిస్కులపై దాచవలెను. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల వద్ద ఒక్క గొంతు గంటకు సుమారు 518 ఎంబీ ఆక్రమించును. 64 కిలోబిట్ల మోనో ఎంపీ3 29 ఎంబీలోపే. ఇద్దరి గంట సంభాషణకు ఒక్కొక్క డిస్కుపై మొత్తము మీద ఒకటిన్నర జీబీకి కొంచెము మించును. నేడు ఫ్యాను హోరుతో విడిపోని గొంతు, పదేండ్ల తరువాతి సాధనముతో శుభ్రముగా విడివడవచ్చును. అప్పుడు కావలసినది ఈ ముట్టని ఫైలే.